ఎండాకాలంలో లూపస్, కీళ్లవాతం, ఎంఎస్ (నరాల మీది పొర దెబ్బతినే రోగం) ఉన్నోళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు లూపస్ (ఒంటి రక్షణ శక్తే చర్మం, కీళ్లు, కిడ్నీల మీద పడే రోగం) ఉందని 2014లో తెలిసింది, అప్పటి నుంచి ప్రతి ఎండాకాలం హనుమకొండలోనే గడిపిన. శివరాత్రి దాటిందంటే చాలు తెలిసినోళ్లు, వాళ్లకు తెలిసినోళ్లు ఫోన్ చేసి ప్రతి ఏడు అవే డౌట్లు అడుగుతుంటరు. అందుకే అన్నీ ఒక్కతాన రాసి పెడుతున్న. నేను డాక్టర్‌ను కాను, డోసు మార్చుడు, ఆపుడు మీ డాక్టర్‌తోనే మాట్లాడాలె. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికే నేరుగా పోయి చదువుకోవచ్చు.

## ఎండలు ముదరక ముందు: శివరాత్రి నుంచి ఉగాది దాకా

ఎండాకాలం గోళీలు వేడి చేస్తయంట గదా అక్కా, రెండు నెలలు ఆపొచ్చా?

వద్దు. అన్నిటికంటే ఎక్కువ అడిగేది ఇదే, ఎక్కువ నష్టం చేసేది కూడా ఇదే. లూపస్‌కు, కీళ్లవాతానికి ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ గోళీ ఒంట్లో చాలా రోజులు నిలువ ఉంటది, ఆపినంక కూడా అందులో సగం బయటికి పోవడానికే దాదాపు నలభై రోజులు పడతది. అందుకే ఏప్రిల్‌లో ఆపినోళ్లకు మే అంతా ఏం కాదు, చూసినవా గోళీ లేకున్నా మంచిగనే ఉన్న అనుకుంటరు, తీరా జూన్, జులైల పడ్డంక ఫ్లేర్, అంటే రోగం ఒక్కసారి ఎగదన్నుడు, వస్తది, అప్పుడు దాన్ని వాన మీదికి తోస్తరు. నేను కూడా అదే చేసిన. 2017లో మా పెద్దమ్మ "గోళీలు వేడి బిడ్డా, ముఖం ఎట్ల మాడిపోయిందో చూస్కో" అంటే నిజమే అనుకొని ఉగాది నుంచి మానేసిన, బోనాల టైముకు పొద్దుగాల లేస్తే జడ వేసుకోవడానికి చేతులు లేవలేదు, మూత్రంలో ప్రొటీన్ పోతుందని టెస్టులో తేలింది. ముఖం మాడింది గోళీతో కాదు, ఎండతో. ఆ ఎండ నుంచి నన్ను కాస్తున్నదాన్నే నేను ఆపేసిన. ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ అయితే ఇంకా ప్రమాదం, చాలా రోజులుగా వాడుతున్నోళ్లు ఒక్కసారి ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తది. గోళీ వేసుకుంటే కడుపులో మంట అయితే అన్నం తిన్నంక వేసుకోండి, అయినా తగ్గకపోతే డాక్టర్‌కు చెప్పండి.

అసలు ఎండకూ ఈ రోగాలకూ సంబంధం ఏంది?

మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి మన ఒంటి మీదికే తిరగబడితే దాన్ని ఆటోఇమ్యూన్ అంటరు. ఎండలో రెండు సంగతులున్నయ్, వెలుతురు వేరు, వేడి వేరు. లూపస్ వాళ్లకు వెలుతురులోని యూవీ (కంటికి కనబడని అతినీలలోహిత) కిరణాలు శత్రువు, అవి చర్మంలోని కణాలను చంపితే ఆ కణాల లోపలి సరుకు బయటపడతది, ఒళ్లు దాన్ని చూసి ఇంకా రెచ్చిపోతది, అందుకే ముఖం మీద ఎండ పడితే మోకాళ్లలో నొప్పి మొదలైతది. ఎంఎస్, మయస్తీనియా (కండరాలు తొందరగా అలసిపోయే రోగం) ఉన్నోళ్లకు మాత్రం వేడే సమస్య, నీడలో కూర్చున్నా ఉక్కపోస్తే చాలు బలం పోతది. మీది ఏ రకమో తెలుసుకుంటే సగం పని అయినట్టే, ఎందుకంటే ఒకరికి గొడుగు ముఖ్యం, ఇంకొకరికి తడి తువ్వాల ముఖ్యం.

ఎండలు మొదలయ్యే ముందు ఏమన్నా టెస్టులు చేయించుకోవాల్నా?

మార్చిలో ఒకసారి డాక్టర్‌ను కలిస్తే మంచిది. రక్తపరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీ పనితనం చూసేది), మూత్రంలో ప్రొటీన్, లివర్ టెస్టు, ఇవి మామూలుగా రాసేటియే. ఎండకు పోకుండా ఉండేటోళ్లకు విటమిన్ డి తగ్గుతది, అది కూడా అడగండి. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఐదేండ్లు దాటి వాడుతుంటే ఏటా కంటి రెటీనా పరీక్ష తప్పనిసరి. హైదరాబాద్ నిమ్స్‌కు చూపించుకునేటోళ్లు మేలో కాకుండా మార్చిలోనే అపాయింట్‌మెంట్ పెట్టుకోండి, కాజీపేట నుంచి పొద్దుటి రైలుకు పోయినా తిరిగొచ్చేసరికి నడినెత్తిన ఎండ తప్పదు.

సన్‌స్క్రీన్ ఏది కొనాలె, ఎంత రాసుకోవాలె?

బ్రాండ్ ఏదైనా సరే, డబ్బా మీద ఎస్పీఎఫ్ 50, బ్రాడ్ స్పెక్ట్రమ్ అని ఉండాలె. అసలు తప్పు కొనేకాడ కాదు, రాసేకాడ జరుగుతది. బొట్టంత తీసి ముఖమంతా పులుముతరు, అది పనిచేయదు. చూపుడు వేలు, మధ్య వేలు పక్కపక్కన పెట్టి రెండిటి పొడుగునా గీత గీసినట్టు పిండండి, అంత మొత్తం ముఖానికీ మెడకూ కావాలె. చెవులు, మెడ వెనుక, మునివేళ్ల దాకా చేతులు మరిచిపోతరు. బయటికి పోయే ఇరవై నిమిషాల ముందు రాసుకొని, చెమట పోస్తుంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలె. ఖర్చు ఎక్కువే, ఒప్పుకుంట. కొనలేనోళ్లు పొడుగు చేతుల జాకెట్టు, మందమైన ముదురు రంగు చున్నీ, గొడుగు, ఈ మూడిటి మీద డబ్బు పెట్టండి, అవి చేసే మేలు తక్కువేం కాదు. పల్చటి తెల్ల కాటన్ చెమటకు తడిస్తే ఎండ లోపలికి దిగుతది, అది గుర్తుంచుకోండి.

మాది రేకుల ఇల్లు, ఏసీ పెట్టించే స్తోమత లేదు, ఏం చేయాలె?

మార్చిలోనే రేకుల మీద, డాబా మీద తెల్ల సున్నం గానీ కూల్ రూఫ్ పెయింట్ గానీ కొట్టించండి, లోపల వేడి నిజంగానే తగ్గుతది. తెలంగాణ సర్కారు 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. పడమటి కిటికీకి లోపల కాదు బయట గోనెసంచి గానీ చాప గానీ కట్టి నీళ్లు చల్లండి. రాత్రి చల్లబడ్డంక కిటికీలు తీసి, పొద్దుగాల తొమ్మిదింటి లోపల మూసెయ్యండి. లూపస్ ఉన్నోళ్లు ఒకటి గమనించాలె, కిటికీ అద్దంలో నుంచి కూడా యూవీఏ అనే రకం యూవీ కిరణాలు లోపలికి వస్తయ్, అద్దం పక్కనే మంచం వేసుకోకండి.

## ఎండలు దంచుతున్నప్పుడు: ఏప్రిల్, మే, రోహిణి కార్తె

నాది మిర్చి ఏరుడు పని, ఎండకు పోకుంటే ఎట్ల బతకాలె?

పోవద్దు అని చెప్పుడు అల్కగనే ఉంటది, కైకిలి పోగొట్టుకునేది మాత్రం మీరే, అందుకే అట్ల చెప్పను. వీలైతే తెల్లారకముందే మొదలుపెట్టి పదింటికల్లా చెట్టు నీడకు రండి, మళ్లీ నాలుగు దాటినంక. గడియారం లేకుంటే మీ నీడను చూడండి, నీడ మీ ఎత్తుకంటే పొట్టిగా ఉందంటే యూవీ గట్టిగ ఉన్నట్టు. ఏరుడు బదులు కల్లంలో పందిరి కింద తాలుకాయలు వేరు చేసే పని దొరుకుతదేమో గుత్తేదారును అడగండి, నర్సంపేట దగ్గర ఒకామె రెండేండ్లుగా అట్లనే నెట్టుకొస్తుంది. గంటకోసారి పది నిమిషాలు కూర్చోవాలె, ఒక్కరే ఉన్నకాడ పని చేయొద్దు.

ఇంట్లో ఉండే ఆడవాళ్లకు కూడా ఒక మాట. వడియాలు, మామిడికాయ తొక్కు ముక్కలు డాబా మీద ఆరబోస్తూ "ఐదు నిమిషాలే గదా" అని రోజుకు ఎనిమిది సార్లు ఎక్కి దిగుతరు. తెల్ల సున్నం కొట్టిన డాబా ఎండను కింది నుంచి కూడా ముఖానికి కొడతది. ఆ పని ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పండి.

రోజుకు నీళ్లు ఎన్ని తాగాలె? సల్ల, కొబ్బరి బోండం మంచియేనా?

కిడ్నీలు, గుండె మంచిగ ఉంటే దాహం కోసం ఆగకుండా తాగుతనే ఉండాలె, మూత్రం లేత పసుపు రంగులో రావాలె. సల్ఫాసలజీన్ గోళీ వాడేటోళ్లకు మూత్రం నారింజ రంగులో వస్తది, వాళ్లు రంగును బట్టి చూసుకోవద్దు, ఎన్నిసార్లు పోతున్నరో లెక్కపెట్టండి. నేను రంజన్ పక్కన లీటరు సీసా పెట్టుకొని దాని మీద బ్లాక్ మార్కర్‌తో 9, 11, 1, 3 అని గీతలు గీసుకున్న, టైముకు గీత దాకా దిగాలె, పిల్లలు కూడా చూసి గుర్తు చేస్తరు. సల్ల, జొన్న అంబలి, తైదల జావ, ముంజకాయలు మంచివే. కానీ లూపస్ కిడ్నీకి ఎక్కినోళ్లు, కాళ్ల వాపులు ఉన్నోళ్లు ఎన్ని నీళ్లు తాగాల్నో డాక్టర్ చెప్పిన లెక్కనే పాటించాలె, కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, వాళ్లకు అది ప్రమాదం. స్టెరాయిడ్ వాడేటోళ్లకు బీపీ, షుగర్ పెరుగుతయ్ కాబట్టి సల్లలో ఉప్పు, పండ్లలో మామిడి, రెండూ చూసుకొని తీసుకోవాలె.

మెడికల్ షాపుల దొరికే ఓఆర్ఎస్ డబ్బాలు రోజూ తాగొచ్చా?

డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ కొనండి, లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే మొత్తం కలపాలె. అట్టడబ్బాల్లో వచ్చే తియ్యటి డ్రింకులు చాలావరకు ఓఆర్ఎస్ కావు, చక్కెర ఎక్కువ, ఆ పేరు పెట్టుకోవద్దని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబర్‌లో ఆర్డర్ కూడా ఇచ్చింది. ప్యాకెట్ లేకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, చదును చేసి కొలవండి. ఇది చెమట బాగా పోయినప్పుడు, విరేచనాలైనప్పుడు తాగేది, బీపీ ఉన్నోళ్లు ఊరికే రోజూ తాగేది కాదు.

కీళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుంటే ఎండాకాలం ఏమన్నా అయితదా?

అయితది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం తక్కువ పోతది, ఆ టైములో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ లాంటివి వేసుకుంటే ఆ వచ్చే కొంచెం కూడా తగ్గిపోయి కిడ్నీ దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎండలో తిరిగొచ్చి ఒళ్లునొప్పులని షాపులో అడిగి కొనుక్కునే గోళీల్లో ఎక్కువ ఇవే ఉంటయ్. ముందు నీళ్లు తాగి, చల్లగా పడుకొని చూడండి, అప్పటికీ నొప్పి ఉంటే ఏది వేసుకోవాల్నో మీ డాక్టర్‌ను ముందే అడిగి చీటీ మీద రాయించుకొని పర్సులో పెట్టుకోండి.

మెథోట్రెక్సేట్ వాడుతున్న, ఎండాకాలం ఏం జాగ్రత్త తీసుకోవాలె? ఈతకల్లు ఒక గ్లాసు తాగితే ఏమైతది?

ఈ మందు మూత్రంలో నుంచే బయటికి పోతది. నీళ్లు తక్కువైతే పోకుండా ఒంట్లోనే ఉండి నోటిపూత, రక్తకణాలు పడిపోవుడు లాంటివి చేస్తది. అందుకే వాంతులు, విరేచనాలు అవుతున్న వారం ఆ గోళీ వేసుకునే ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఇది వారానికి ఒక్కరోజు వేసుకునే మందు, పొరపాటున రోజూ వేసుకొని ఐసీయూ దాకా పోయినోళ్లున్నరు, క్యాలెండర్ మీద ఆ రోజుకు సున్నా చుట్టండి. కల్లు, బీరు ఏదైనా ఈ మందుతో కలిస్తే లివర్‌కు దెబ్బ, "చెట్టుకల్లు చలువ" అనే మాట దీనికి వర్తించదు. దీంతో కొందరికి చర్మం ఎండకు తొందరగా కందుతది కూడా.

ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో పెట్టిన, కరెంటు పోయింది, పాడైతదా?

కీళ్లవాతం లాంటివాటికి ఇచ్చే అడాలిముమాబ్, ఎటనర్సెప్ట్ లాంటి బయోలాజిక్ (జీవకణాలతో తయారుచేసే) ఇంజెక్షన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలె. రెండు మూడు గంటలు కరెంటు పోతే ఫ్రిజ్ డోర్ తీయకుండా ఉంటే మామూలుగా భయం లేదు. కాజీపేటలో మా చెల్లె వరుస ఆమె ఇంజెక్షన్ డబ్బాను స్టీల్ టిఫిన్ గిన్నెలో పెట్టి మూత పెట్టి, నడిమి అరలో పెరుగు గిన్నెకూ ఇడ్లీ పిండికీ మధ్యన ఉంచుతది, గిన్నె మీద "అమ్మ మందు, ముట్టొద్దు" అని టేపు. డోర్‌లో పెడితే తీసినప్పుడల్లా వేడి తగులుతది, ఫ్రీజర్‌కు ఆనిచ్చి పెడితే గడ్డకడతది. ఒక్కసారి గడ్డకట్టిందంటే కరిగించి వాడొద్దు, పారేయాలె. అడాలిముమాబ్ చాలావాటిని 25 డిగ్రీలలోపు పద్నాలుగు రోజుల దాకా బయట ఉంచొచ్చని రాసి ఉంటది, కానీ మేలో ఏసీ లేని మన ఇండ్లలో 25 ఎక్కడ ఉంటది? హైదరాబాద్ నుంచి తెచ్చుకునేటప్పుడు ఐస్‌ప్యాక్‌ను తువ్వాలలో చుట్టి పెట్టండి, ఐస్ నేరుగా తగలొద్దు. ఎక్కువసేపు వేడికి ఉందని అనుమానం వస్తే వాడకముందే ఫార్మసీని గానీ కంపెనీ హెల్ప్‌లైన్‌ను గానీ అడగండి.

నాకు ఎంఎస్, ఎండలో నుంచి రాగానే కన్ను మసక, కాళ్లు బరువు, మళ్లీ ఎటాక్ వచ్చినట్టేనా?

చాలాసార్లు కాదు. నరం మీది పొర దెబ్బతిన్నకాడ ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా కరెంటు సరిగ్గా పారదు, చల్లబడగానే మళ్లీ మామూలైతది. 1890లో ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టర్ దీన్ని మొదట రాసిపెట్టిండు, అందుకే ఊట్‌హాఫ్ లక్షణం అంటరు. దీంతో నరానికి కొత్తగా దెబ్బ తగలదు. మెడకు తడి తువ్వాల చుట్టుకొని, చల్లటి నీళ్లు తాగి, ఫ్యాన్ కింద కూర్చుంటే గంటలో తేడా తెలుస్తది. జ్వరం లేకుండా, చల్లగా ఉన్నా సరే 24 గంటలు దాటి ఉంటే అప్పుడు న్యూరాలజిస్ట్‌కు చూపించాలె. బండి నడిపేటప్పుడు మసక మొదలైతే అక్కడనే ఆపేయండి, ఇల్లు దగ్గరే అని ముందుకు పోవద్దు.

కూలర్ వేసుకుంటే కండ్లు, నోరు ఎండిపోతున్నయ్, ఏసీలోకి పోతే వేళ్లు నీలం పడుతున్నయ్, ఎట్ల?

కండ్లు, నోరు ఎండుడు స్జోగ్రెన్ (కన్నీళ్లు, లాలాజలం తయారుచేసే గ్రంథులు దెబ్బతినే ఆటోఇమ్యూన్ రోగం) ఉన్నోళ్లకు మామూలు. గాలి ముఖానికి తగలకుండా కూలర్‌ను కాళ్ల వైపు తిప్పండి, కంటి చుక్కలు టైముకు వేసుకోండి, చిన్న చిన్న గుక్కలు తాగండి. ఈ రోగంలో కొందరికి చెమట సరిగ్గా పట్టదు, వాళ్లకు వడదెబ్బ తొందరగా తగులుతది కాబట్టి బట్టలు తడుపుకోవాలె. వేళ్లు తెల్లగ, నీలంగ మారుడు రేనాడ్స్, ఎండలో నుంచి ఒక్కసారి ఏసీ షాపులోకి పోతే వస్తది. బ్యాగులో పల్చటి సాక్సులు, చేతులకు గ్లౌజులు ఉంచుకోండి, మేలో సాక్సులు వేసుకుంటే నలుగురు చూస్తరని సిగ్గుపడొద్దు. గది నలభై డిగ్రీలు దాటితే ఉత్త ఫ్యాన్ గాలి ఒంటిని చల్లబరచదు, ఇంకా వేడి చేస్తది, అప్పుడు చర్మం తడిగా ఉంచుకోవాలె.

సోరియాసిస్‌కు ఎండ మంచిదంటరు గదా?

చాలామందికి కొంచెం ఎండ మేలు చేస్తది, కొందరికి పెరుగుతది. మేలు చేసేది పొద్దుటి పది నిమిషాలు, కాలితే కాలిన కాడనే కొత్త మచ్చలు లేస్తయ్. చెమట నిలిచే చోట్ల దురద ఎక్కువ, మామూలు నీళ్లతో కడుక్కొని మెత్తగా అద్దండి, రుద్దొద్దు. బొల్లి మచ్చలకు మాత్రం రంగు కాపలా లేదు, సన్‌స్క్రీన్ తప్పనిసరి.

హనుమాన్ మాల వేసుకొని కొండగట్టు పోవచ్చా?

భక్తిని కాదనే హక్కు నాకు లేదు, మా తమ్ముడు కూడా వేస్తడు. కానీ దీక్షలో ఒంటిపూట భోజనం, చెప్పులు లేకుండా నడుచుడు ఉంటయ్, స్టెరాయిడ్ గోళీ ఖాళీ కడుపున పడదు, నరాల మొద్దుబారుడు ఉన్నోళ్లకు కాళ్లు కాలినా తెలియదు. వేయాలనుకుంటే పదకొండు రోజులది వేసి, పొద్దుగాల గోళీతో పాటు అంబలి తీసుకుంటనని గురుస్వామికి ముందే చెప్పండి. నాకు తెలిసిన గురుస్వాములు రోగం ఉన్నోళ్లకు చెప్పులకు, పలారానికి అడ్డు చెప్పలేదు. కొండకు నడిచి కాకుండా బండి మీద, తెల్లారుజామున పోండి. రోజా ఉండేటోళ్లు కూడా గోళీల టైములు సహర్, ఇఫ్తార్‌కు మార్చొచ్చా అని ముందే డాక్టర్‌ను అడగాలె, కిడ్నీ సమస్య ఉంటే ఉండకపోవుడే మంచిది.

## తేడా కొట్టినప్పుడు

జ్వరం వచ్చింది, ఇది వడదెబ్బనా, ఫ్లేరా, ఇన్ఫెక్షనా?

ఇంట్లో కూర్చొని తేల్చలేం, కానీ ఇది చూడండి. ఎండలో గానీ ఉడుకు గదిలో గానీ ఉండి జ్వరం 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి, మాట తడబడి, మనిషి అయోమయంగా ఉంటే అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపల నీడకు తెచ్చి ఒళ్లంతా నీళ్లు పోసి ఫ్యాన్ తిప్పండి, చంకల్లో, మెడకు ఐస్ పెట్టండి. పారాసిటమాల్ దీనికి పనిచేయదు, సోయి లేనోళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. చల్లబరిచినా దిగకుండా 100.4 దాటి ఉన్న జ్వరం, చలి, దగ్గు, మూత్రంలో మంట ఉంటే ఇన్ఫెక్షన్ కావొచ్చు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడే మనం దానికోసం రేపటి దాకా ఆగొద్దు. ముఖం మీద కొత్త ఎర్రమచ్చ, నోటిపూత, పొద్దుగాల కీళ్లు పట్టేసుడు, కాళ్ల వాపు, నురగ మూత్రం, ఇవి ఫ్లేర్ వైపు చూపిస్తయ్. ఎండ తగిలిన రోజే రావాలని లేదు, వారం రెండు వారాలకు కూడా వస్తది.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నయ్, స్టెరాయిడ్ గోళీ కడుపులో నిలుస్తలేదు?

ఇది ఎమర్జెన్సీ. గోళీ వేసుకున్న అరగంటలోపల కక్కితే మళ్లీ ఒకసారి వేసుకోండి, అదీ నిలవకుంటే ఇంజెక్షన్ రూపంలో ఇవ్వాలె, అర్ధరాత్రి అయినా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి గానీ దగ్గరి ఆస్పత్రికి గానీ పోండి. పోంగనే మొదటి మాటగా "నేను ఇన్నేండ్ల నుంచి స్టెరాయిడ్ వాడుతున్న" అని చెప్పాలె. ఆ సంగతి, మందుల పేర్లు, డోసులు తెలుగులో ఒక కార్డు మీద రాసి ఫోన్ కవర్‌లో పెట్టుకోండి, మనం మాట్లాడే స్థితిలో లేకున్నా పక్కోళ్లు చూపిస్తరు.

నీరసంగా ఉంది, రెండు సెలైన్లు ఎక్కించుకుంటే సరిపోదా?

నోటితో తాగగలిగితే తాగుడే మంచిది. కిడ్నీ, గుండె మీద లూపస్ ప్రభావం ఉన్నోళ్లకు లెక్క లేకుండా సెలైన్ ఎక్కిస్తే నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తది. ఊర్లో కొందరు ఒక్క సూదితో నొప్పులు మాయం చేస్తరు, అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. నాకు కూడా ఒకసారి ఊర్లో అట్లనే వేసిండ్రు, మూడు రోజులు పరుగెత్తిన, నాలుగో రోజు షుగర్ 300, నా అసలు డాక్టర్ ఏ మందు పెంచాల్నో తేల్చుకోలేకపోయిండు. ఏ సూది వేస్తున్నరో సీసా పేరు ఫొటో తీసుకోకుండా వేయించుకోకండి.

## మృగశిర దాటినంక

వానలు పడ్డయ్, మబ్బు పట్టింది, ఇగ సన్‌స్క్రీన్ ఆపొచ్చా?

లూపస్ ఉన్నోళ్లు ఆపొద్దు. పల్చటి మబ్బులో నుంచి యూవీ చాలావరకు కిందికి దిగుతనే ఉంటది, వేడి లేదు గదా అని మనమే గొడుగు ఇంట్లో మరుస్తం. గాలిలో తేమ పెరిగినంక కూలర్ చల్లబరచదు, ఉక్క పెడతది, ఎంఎస్ వాళ్లకు మే నెల కంటే జూన్ కష్టంగా ఉండేది అందుకే. కూలర్ ఆపేసే రోజే నీళ్లు పారబోసి, గడ్డి తీసి ఎండకు పెట్టండి, లేకుంటే దోమలకు అదే ఇల్లు.

జూన్, జులైలో కీళ్లు మళ్లీ పట్టుకున్నయ్, కీళ్లవాతం పెరిగిందా?

పెరగొచ్చు, కానీ గట్టి జ్వరంతో ఒక్కసారి అన్ని కీళ్లు పట్టుకుంటే చికున్‌గున్యా కూడా కావొచ్చు, చూస్తే రెండూ ఒక్కతీరే ఉంటయ్. డెంగీ తేలేదాకా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేసుకోవద్దు, రక్తం కారే ప్రమాదం ఉంది. ముందు రక్తపరీక్ష చేయించి, ఆ రిపోర్టు పట్టుకొని మీ రుమటాలజిస్ట్ (కీళ్ల, ఆటోఇమ్యూన్ రోగాల డాక్టర్) దగ్గరికి పోండి. ఎండాకాలం మొత్తం ఏ రోజు ఏం నొప్పి వచ్చిందో, ఆ రోజు ఎంతసేపు ఎండలో ఉన్నరో క్యాలెండర్ మీద రాసుకున్న కాగితం ఉంటే అదీ తీసుకుపోండి. నా డాక్టర్ మొదట చూసేది ఆ కాగితమే.